త్యక్తవస్తు శిల్పము: చండీగఢ్ శిలోద్యాన చరిత్ర

వాడి పాఱవేయబడిన వస్తువునకు తెనుగున పేర్లు పెక్కు గలవు. చెత్త, కసవు, పెంట, పెంకు, ఓడు, ఎంగిలి, నిర్మాల్యము: ఇవి యన్నియు విడువబడిన వానినే తెలుపుచున్నను వీనిలో ఏ రెండింటి యర్థమును సరిగా ఒక్కటి కాదు. కసవనగా గడ్డి, ఇల్లూడ్చిన చెత్తకును అదియే పేరు. ఓడు పగిలిన కుండ యొక్క శకలము. నిర్మాల్యము దేవునికి సమర్పింపబడి పిదప తీసివేయబడిన పువ్వు. అది మరల పూజకు పనికిరాదు, కాని కాలితో త్రొక్కరాదు. విడువబడిన వస్తువు యొక్క గౌరవము దానిని వాడి విడిచినవారెవరను దానిపై ఆధారపడి యున్నదని మన భాష యెన్నడో గుర్తించినది. వీనిలో 'పెంట' అను మాట మఱింత విచిత్రమైనది. కుప్పవోసిన చెత్తకును పశువుల పేడకును ఇది పేరు. అడవి నడిమి చిన్నపల్లెకును ఇదియే పేరు. నల్లమల యందలి చెంచుల యావాసములు నేటికిని పెంటలే. పాచిపెంట వంటి యూళ్ల పేళ్లలోను ఈ పదము నిలిచియున్నది. పశువులు నిలుచుచోట పేడ కుప్పపడును. పశువులు నిలుచుచోటనే వానిని మేపువాడును గుడిసె వేసికొనును. కావున రెండర్థములకును నడుమ దూరము లేదు. ఊరును కుప్పయు ఒక్క మాటలో ఇమిడియుండుటను పాఠకులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను. ముందు దీనితో పని గలదు.

నగరములందు జనులు పాఱవేసిన వస్తువులను ఏరి, వానిని కూర్చి శిల్పముగా నిలుపుట 20వ శతాబ్దమున ప్రత్యేక కళామార్గముగా గుర్తింపబడినది. ఫ్రెంచి చిత్రకారుడు జాఁ ద్యుబ్యుఫే 1953లో ఇట్టి కూర్పునకు 'అసెంబ్లేజ్' అను మాటను వాడెను. 1961లో న్యూయార్కునందలి ఆధునిక కళాప్రదర్శనశాల యందు విలియం సైట్జ్ ఏర్పఱచిన ప్రదర్శనముతో ఆ మాట స్థిరపడినది. ఈ వ్యాసమున దానిని 'త్యక్తవస్తు శిల్పము' అని వ్యవహరించుచున్నాను. ఈ మార్గము పాశ్చాత్యుల కనుగడ యనియు, భారతదేశమున చండీగఢ్ నగరమునందలి నేక్ చంద్ శిలోద్యానము దానికొక గ్రామీణమైన యనుబంధమనియు పలువురు తలంచుచున్నారు. ఈ తలంపు సరియైనది కాదని చూపుటయే నా యుద్దేశము.

పాఱవేసిన దానిని చేపట్టుట మన దేశమునకు క్రొత్త గాదు. అథర్వవేదమున పదునొకండవ కాండమందలి ఉచ్ఛిష్టసూక్తము యజ్ఞశేషమునే సమస్త జగత్తునకు ఆధారముగా స్తుతించుచున్నది. అంతకన్న మన విషయమునకు దగ్గఱైనది బౌద్ధుల పాంసుకూల చీవరము. పాంసువనగా దుమ్ము. వీథిలోను, శ్మశానమునను, పెంటకుప్పలపైని పడియున్న గుడ్డపేలికలను ఏరి, ఉదికి, కత్తిరించి, కుట్టి, రంగు వేసికొని భిక్షువు ధరింపవలెను. వినయపిటకమందలి మహావగ్గమున ఒక వృత్తాంతము గలదు. బుద్ధభగవానుడు మగధదేశమున సంచరించుచు, గట్లచే విభక్తములైన వరిమళ్లను ఆనందునికి చూపి, ఇట్టి కూర్పుతో చీవరములను కుట్టగలవా యని యడిగెను. ఆనందుడు అట్లే కుట్టెను. చీవరమునకు నేటికిని అదియే కూర్పు. పేలికలు కుప్పనుండి వచ్చినవి, వాని యమరిక పంటపొలము నుండి వచ్చినది. దిక్కుమాలిన ముక్కలకు ఒక క్రమము కావలసివచ్చినప్పుడు ఆ క్రమమును మనుష్యులు దున్నుకొను భూమినుండి గ్రహించుట గమనింపదగిన విషయము.

మన యిండ్లలో పాతచీరలను పొరలుగా పఱచి కుట్టు బొంతయు ఈ జాతిదే. అవ్వ చీర యేదో, అమ్మ చీర యేదో గుర్తుపట్టి చూపుచు పిల్లలు దానిపై నిద్రించుట మనమెఱిగినదే.

అయినను పాంసుకూలమునకును ఆధునిక త్యక్తవస్తు శిల్పమునకును ఒక భేదము గలదు. సన్న్యాసి తన పూర్వాశ్రమమును విడిచినట్లు, చీవరమున చేరిన పేలికయు తన పూర్వాశ్రమమును విడుచును. ఒక్క రంగులో ముంచుటయే అందులకు గుర్తు. ఆధునిక శిల్పమున వస్తువు తన పూర్వాశ్రమమును దాచదు. ట్రాము టిక్కెట్టు చిత్రమున అంటింపబడిన పిదపను ట్రాము టిక్కెట్టుగనే కన్పట్టును. అది ఏ నగరమున, ఏ దారిలో, ఎవరి జేబునుండి పడినదో యను ప్రశ్న ఆ చిత్రమును విడువదు. బొంత ఈ రెండింటి నడుమ నిలుచును.

ట్రాము టిక్కెట్టు మాట వచ్చినది గనుక కర్ట్ ష్విట్టర్స్‌ను ముందుగా చెప్పవలెను. జర్మనీ దేశమున హనోవర్ నగరమున 1887లో జన్మించిన యీతడు మొదటి ప్రపంచ యుద్ధానంతరము వీథులలో దొరకిన టిక్కెట్లు, పత్రికల చింపులు, మిఠాయి పొట్లముల కాగితములు, దారములు, బొత్తములు, చెక్కపేళ్లు ఏరి చిత్రములు కూర్చెను. ఒక కూర్పున అంటించిన ప్రకటనలో 'కొమెర్ట్స్' అను మాట సగము కత్తిరింపబడగా మిగిలిన 'మెర్ట్స్' అను తునకనే 1919 నుండి తన కళకంతటికిని పేరుగా గైకొనెను. వాణిజ్యము అను మాట విఱిగి వచ్చిన తునక వాణిజ్యపు పెంటనుండి పుట్టిన కళకు పేరగుట తగియున్నది. యుద్ధముచే సమస్తమును విఱిగిపోయినది గనుక ఆ ముక్కలతోనే క్రొత్తదానిని కట్టవలెనను భావము అతని వ్రాతలలో కనిపించును. 1923 ప్రాంతము నుండి తన యింటిలో గదినే శిల్పముగా పెంచుచు 'మెర్ట్స్‌బౌ' అను కట్టడమును నిర్మించెను. నాజీ ప్రభుత్వము 1937లో మ్యూనిక్‌నందు 'పతిత కళ' యను పేర అవమానార్థమై జరిపిన ప్రదర్శనమున ఇతని కృతులును చేర్చబడెను. ఆ యేటి యారంభముననే అతడు నార్వేకు తరలిపోయెను. 1943లో మిత్రరాజ్యముల వైమానిక దాడిలో హనోవరునందలి యా యిల్లు నాశమయ్యెను. 1948లో ఇంగ్లండున అతడు మరణించినప్పుడు ఒక గోశాల వంటి రాతికట్టడము యొక్క గోడపై అతని చివరి కూర్పు అసంపూర్ణముగ నుండెను. ఆ గోడను 1965లో న్యూకాజిల్ నగరపు హాటన్ గ్యాలరీకి తరలించి కాపాడిరి.

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలసియున్నది. మార్సెల్ ద్యుషాఁ 1917లో ప్రదర్శనమునకు పంపిన మూత్రపాత్రను త్యక్తవస్తు శిల్పమునకు మూలముగా చెప్పుట కద్దు. కాని అది అంగడిలో కొన్న క్రొత్త వస్తువు. ఎవరును వాడినది గాదు, ఎవరును విడిచినది గాదు. దానియందు ప్రశ్న కళాకారుని యధికారమును గూర్చినదే గాని వస్తువు యొక్క జీవితమును గూర్చినది గాదు. 1942లో పికాసో సైకిలు సీటును, హ్యాండిలును కూర్చి చేసిన వృషభశిరస్సు మన విషయమునకు దగ్గఱైనది. ఆ సైకిలు చండీగఢ్‌లో మరల కనిపించును.

వృత్తి కళాకారులు కాని వారి కృషి వేఱొక త్రోవన నడచినది. ఇటలీ నుండి అమెరికాకు వలసపోయిన సైమన్ రోడియా యను పనివాడు లాస్ ఏంజెలెస్ నగరమున వాట్స్ అను పేటలో 1921 నుండి 1954 వఱకు, 33 సంవత్సరములు, తీరిక వేళల నొంటరిగా పదునేడు కట్టడములను లేపెను. ఉక్కుకడ్డీలు, తీగవల, సున్నపుగార; వానిపై పగిలిన పింగాణి, గవ్వలు, ఆకుపచ్చని సీసాల ముక్కలు. వీనిలో మిక్కిలి పొడవైన శిఖరము 99 అడుగులకు పైబడినది. పని ముగించి, స్థలమును పొరుగువానికిచ్చి, అతడు ఊరు విడిచిపోయెను. పిదప నగరాధికారులు ఇది కూలునని భయపడి పడగొట్టుటకు ఉత్తరువు చేసిరి. 1959లో ఇంజనీరు బడ్ గోల్డ్‌స్టన్ ఏర్పఱచిన పరీక్షలో 10,000 పౌనుల బలముతో శిఖరమును లాగి చూచిరి. శిఖరము చలింపలేదు, లాగిన యంత్రసామగ్రియే వంగినది. అంతటితో ఉత్తరువు రద్దయ్యెను. 1965లో ఆ పేటలో జాతివివక్ష కారణముగా అల్లర్లు చెలరేగి 34గురు మరణించిరి. నోహా ప్యూరిఫాయ్ మొదలగు శిల్పులు కాలిన యంగళ్ల శిథిలములనేరి 1966లో ప్రదర్శనముగా కూర్చిరి. అగ్నికి కరగి గడ్డకట్టిన నియాన్ దీపముల గాజు ఆ కూర్పులలో ముఖ్యద్రవ్యము. పూర్వాశ్రమమును దాచని వస్తువు ఇంత సూటిగా సాక్ష్యము పలికిన సందర్భములు తక్కువ.

ఇక చండీగఢ్. 1947లో దేశవిభజన జరిగి లాహోరు పాకిస్థానునకు పోగా తూర్పు పంజాబునకు రాజధాని లేకపోయెను. శివాలిక్ కొండల పాదమున క్రొత్త నగరమును కట్టుటకు నిశ్చయించిరి. ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నోవిట్స్కీ మొదట ప్రణాళిక వేసిరి. 1950లో విమాన ప్రమాదమున నోవిట్స్కీ మరణించిన పిదప ఆ పని ఫ్రాన్సు దేశపు వాస్తుశాస్త్రజ్ఞుడు లె కొర్బూజియె చేతికి వచ్చెను. పియెర్ జానెరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఆతనికి తోడైరి. 800 మీటర్ల వెడల్పు, 1,200 మీటర్ల పొడవు గల దీర్ఘచతురస్రములుగా నేల విభజింపబడినది. వానికి పేర్లు లేవు, అంకెలే. 1953 అక్టోబరు 7వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు నగరమును ప్రారంభించెను.

ఈ చతురస్రముల క్రింది నేల నిర్జనముగా నుండలేదు. అచ్చట పలు గ్రామములుండెను, వానికి పేర్లుండెను. నగరమునకే పేరిచ్చిన చండీదేవి యాలయము అంతకు పూర్వమే యున్నది. గ్రామములను ప్రభుత్వము సేకరించి, పరిహారమిచ్చి, ప్రజలను తరలించి, ఇండ్లను పడగొట్టినది. వేల కుటుంబములు విభజనచే ఊళ్లు కోల్పోయి ఈ ప్రాంతమునకు చేరుచున్న కాలముననే, ఆ కుటుంబముల కొఱకు రాజధాని కట్టు నెపమున మఱికొన్ని కుటుంబములు ఊళ్లు కోల్పోవుట సంభవించినది. ఈ రెండవ నష్టమును గూర్చి చండీగఢ్ చరిత్రములు రెండు వాక్యములతో సరిపుచ్చును. వాస్తుకళను మెచ్చుకొను గ్రంథములందు అంతకంటె ఎక్కువ దొరకుట యరుదు.

మొదటి నష్టమును పొందినవారిలో నేక్ చంద్ సైనీ ఒకడు. ఇతడు 1924లో గురుదాస్‌పూర్ జిల్లా షకర్‌గఢ్ తాలూకాలో బరియాన్ కలాన్ అను గ్రామమున జన్మించెను. షకర్‌గఢ్ విభజనమున పాకిస్థానునకు పోయినది. సరిహద్దు దాటి వచ్చిన నేక్ చందునకు 1950 దశకపు తొలిభాగమున క్రొత్త నగరమున ప్రజాపనుల శాఖలో రోడ్ల ఇన్‌స్పెక్టరు ఉద్యోగము దొరకెను. పగలు నగరమునకు బాటలు వేయించుటయు, బాటల ప్రక్కన పడిన కుప్పలను చూచుటయు ఆతని పని. ఆ కుప్పలలో రెండు కాలములు కలిసియుండెను. ఒకటి పడగొట్టిన గ్రామములది: పగిలిన కుండలు, గాజుల ముక్కలు, ఇటుకలు, గృహస్థులు తీసికొనిపోజాలని సామగ్రి. రెండవది పుట్టుచున్న నగరముది: విఱిగిన పింగాణి పళ్లెములు, కప్పులు, స్నానగదుల తొట్లు, కాలిపోయిన ట్యూబులైట్లు, ఫ్యూజులు, తారుపీపాలు, సిమెంటు సంచులు, సైకిలు చట్రములు, బట్టీలలో మాడి ముద్దయైన ఇటుకలు, ఇనుపకొలుముల కిట్టము. ఊరు పెంటయై కుప్పలో చేరుటయు, ఆ కుప్ప మరల ఊరగుటయు ఈతని చేతి మీదుగనే జరిగినది. తెనుగున ఆ రెండింటికిని ఒక్క మాట చాలునని పైన చెప్పియున్నాను.

1950 దశకపు చివర అతడు సుఖ్నా చెఱువు సమీపమున అడవిలో ఒక లోయను ఎన్నుకొని సామగ్రి చేర్ప నారంభించెను. అది ఎట్టి కట్టడమును నిర్మింపరాదని ప్రభుత్వము నిషేధించిన స్థలము. కావున ఉద్యోగముగించిన పిదప, రాత్రులందు, సైకిలుపై రాళ్లను తెచ్చి చేర్చుచు రహస్యముగ పని చేసెను. సుఖ్నా, ఘగ్గర్ వాగులందు నీటి యొరపిడిచే మనుష్యరూపమో, పక్షిరూపమో దాల్చినట్లు తోచు రాళ్లను ఏరుట మొదటి పని. శిలోద్యానమను పేరు దీనినుండియే వచ్చినది. వెలుతురునకు పాత టైర్లను కాల్చెడివాడని చెప్పుదురు. పెక్కు సంవత్సరములు ఇట్లు సాగినది. రాష్ట్ర సచివాలయమునకును, ఉన్నత న్యాయస్థానమునకును నడచి పోదగినంత దూరమున ఇంతకాలము ఇంత పని ఎవరికిని తెలియకుండుట నమ్మశక్యము గాకున్నను జరిగినది. సచివాలయము వారు అడవి వైపు చూడకుండుటయే దీనికి కారణము కావచ్చును.

ఆతని నిర్మాణపద్ధతిని కొంచెము వివరింపవలెను. ఏలయన ఈతడు ఏమియు నేర్వని పల్లెటూరివాడనియు, స్వప్నమున కన్నదానిని చేతికి దొరకిన దానితో కట్టెననియు వ్రాయుట పరిపాటియైనది. ద్యుబ్యుఫే చదువుకొనని వారి కళకు 'ఆర్ బ్రూ' అని పేరిడిన నాటినుండి ఇట్టి మాటలకు ఒక గౌరవము గూడ కలిగినది. కాని నేక్ చంద్ ఇరువది సంవత్సరములకు పైబడి సిమెంటు, ఇసుక, కంకర పాళ్లతో వ్యవహరించిన యుద్యోగి. నరునికైనను, మృగమునకైనను ముందుగా ఇనుపకడ్డీతోనో, సైకిలు చట్రముతోనో అస్థిపంజరము కట్టును. దానిపై సిమెంటు, ఇసుక కలిపిన ముద్దను మెత్తును. అది యారకమునుపే పైపూతలో గాజు ముక్కలనో, పింగాణి పెంకులనో, కిట్టపు రవ్వలనో ఒక్కొక్కటిగా నొక్కి పొదుగును. గోడల కొఱకు సిమెంటు మిశ్రమమును గోనెసంచులలోను పీపాలలోను పోసి, గట్టిపడిన తరువాత ఆ రూపమునే నిలుపును. సంచి కుళ్లిపోగా దాని నేత యచ్చు సిమెంటుపై మిగులును. లె కొర్బూజియె తన కట్టడములపై చెక్కపలకల యచ్చును అట్లే విడిచెను. ఒకే నగరమున, ఒకే ద్రవ్యముపై, ఒకరు పలకల జాడను, ఒకరు గోనె జాడను విడిచిరి. నగరమును కట్టిన వానివద్ద వీడు నేర్చెననుటకు నేను జంకను. ఆ నగరపు బాటలు వేయించినవానికి దాని కాంక్రీటు తెలియకుండునా?

ద్రవ్యమును వర్గీకరించుటలో ఆతని శ్రద్ధ అపూర్వము. రంగుగాజులు స్త్రీమూర్తుల వస్త్రములకు. తెల్లపింగాణి మఱికొన్ని మూర్తుల యంగరక్షలకు. ఫ్యూజులు, విద్యుత్ సాకెట్లు ఒక గోడకంతటికి. ఈ మూర్తులు ఒంటరిగా నిలువవు. కుండలు మోయు స్త్రీలు వరుసగా, వాద్యకులు వరుసగా, సైనికులు వరుసగా, కోతులు, నెమళ్లు మందలుగా నిలుచును. అందఱి ముఖములును ఇంచుమించు ఒక్కటియే. విమర్శకులలో కొందఱు దీనిని శిల్పదోషముగా నెన్నిరి. విడిగా ఒక్క మూర్తిని ప్రదర్శనశాలలో పెట్టి చూచినచో వారి మాటలో కొంత సత్యమున్నది. కాని ఆ మూర్తులు విడిగా చూచుటకు చేయబడినవి కావు. అవి ఒక జనపదము. తోటలోని ద్వారములు మిక్కిలి తగ్గుగ నుండును. చూడవచ్చినవాడు వంగియే లోనికి పోవలెను. మన పల్లెలలో పాతయిండ్ల గడపలును, గ్రామదేవతల గుళ్లును ఇట్టివే. వంకర త్రోవలు, ముంగిళ్లు, అరుగులు, మెట్లు, తలదాచుకొను చిన్నగూళ్లు: చతురస్రముల నగరమున ఎచ్చటను లేనివన్నియు ఇచ్చట గలవు. దీనిని ఆతడు సుక్రాణీ యను దివ్యరాజ్యముగా భావించెనని చెప్పుదురు. పాంసుకూలమునకు మగధ వరిమళ్లు ఎట్లో, ఈ ముక్కలకు పోయిన పల్లె అట్లు కూర్పునిచ్చినది.

లె కొర్బూజియె చండీగఢ్ నివాసులకొఱకు వ్రాసిన నగరశాసనమున, నగరమునందుగాని ఉద్యానములందుగాని వ్యక్తుల విగ్రహములు నెలకొల్పరాదని నియమించెను. రాజకీయనాయకుల విగ్రహములతో నగరములు నిండుట చూచినవారికి ఇది మంచి నియమమనియే తోచును. ఆ నగరపు శిరోభాగమున వేలకొలది విగ్రహములు ఏ శాసనమునకును తెలియక లేచినవి. వానిలో ఏ యొక్కటియు ఏ వ్యక్తిదియు గాదు.

1970 దశకపు తొలిభాగమున ఈ రహస్యము బయటపడెను. అప్పటికి సుమారు 12 ఎకరముల మేర ముంగిళ్లు, గోడలు, మూర్తులు నిండియుండెను. చట్టము ననుసరించి అంతటిని పడగొట్టవలెను, ఉద్యోగిని శిక్షింపవలెను. ఈ రెండును జరుగలేదు. వార్త ప్రాకినకొలది జనులు గుంపులుగా వచ్చి చూడసాగిరి. అధికారులలోను కొందఱు దీనిని కాపాడవలెనని పట్టుపట్టిరి. 1976లో శిలోద్యానము ప్రజలకు తెఱవబడినది. నేక్ చందునకు శిలోద్యానపు సబ్‌డివిజనల్ ఇంజనీరను పదవియు, జీతమును, 50మంది పనివారును ఈయబడెను. పగిలిన పింగాణి, గుడ్డపేలికలు మున్నగు వానిని చేర్చుటకు నగరమున సేకరణకేంద్రములు ఏర్పడెను. నిషిద్ధకార్యమును చేసిన యుద్యోగికి ఆ కార్యమునే యుద్యోగముగా నిచ్చిన ప్రభుత్వమును మెచ్చుకొనక తప్పదు. పనివారి చేయూత దొరకిన పిదప జలపాతములు, లోతైన కనుమలు, వంతెనలు, ఉయ్యాలలు వ్రేలాడు పెద్ద వంపుగోడల మండపములు వచ్చినవి. ఉద్యానము 40 ఎకరముల వఱకు పెరిగినది. రాత్రులందు ఒక్కని చేతితో పుట్టిన తొలిభాగపు బిగువు తరువాతి విశాలభాగములలో లేదని నా యభిప్రాయము. జనులకు మాత్రము ఉయ్యాలలే యెక్కువ ప్రియము.

గౌరవములు తొందరగనే వచ్చినవి. 1983లో శిలోద్యానముపై తపాలాబిళ్ల వెలువడెను. 1984లో నేక్ చందునకు పద్మశ్రీ బిరుదు లభించెను. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో బాలల ప్రదర్శనశాల కొఱకు ఆతడు 1980 దశకపు నడుమ ఒక తోటను నిర్మించెను. విస్కాన్సిన్ రాష్ట్రమున షెబోయ్‌గన్‌లోని జాన్ మైకేల్ కోలర్ కళాకేంద్రమున ఆతని మూర్తులు పెక్కు భద్రపఱచబడినవి. స్నానగదుల పింగాణి చేయు కోలర్ సంస్థ యున్న యూరి ప్రక్కన, స్నానగదుల పింగాణి ముక్కలను పొదిగిన శిల్పికి గౌరవము జరుగుట చమత్కారమే.

చారిత్రకునకు ఈ యుద్యానమున ఒక లోపము కన్పట్టును. దానిని చెప్పక విడుచుట తగదు. కొండాపురమునందును, ధూళికట్టయందును, పెదబంకూరునందును త్రవ్వకములు జరిపినవారు పెంకులను, పూసలను, నాణెములను, గాజుముక్కలను ఏ పొరలో ఏది దొరకినదో గుర్తించి వ్రాసికొనిరి గనుకనే శాతవాహనుల నాటి సామాన్యజనుల యిండ్లను గూర్చి మనకు కొంతయైనను తెలిసినది. శాసనములు రాజులను, దానములను గూర్చి చెప్పును. వంటయింటిని గూర్చి పెంటకుప్పయే చెప్పవలెను. నేక్ చంద్ పొరలను కలిపివేసెను. ఆతని గోడపై నున్న ఏ పెంకు ఏ యూరిదో, ఆ గాజు ఏ చేతిదో ఇప్పుడు చెప్పుటకు వీలులేదు. కాని ఆతడు ఏరనిచో ఆ పెంకులు బాటల క్రింద పూడ్పునకు పోయియుండెడివి. గ్రామములను సేకరించిన ప్రభుత్వపు దస్త్రములందు భూముల విస్తీర్ణములు, పరిహారపు మొత్తములు ఉండును. కుండలు, గాజులు ఉండవు.

ఉద్యానమునకు ఆపదలును కలిగినవి. 1990లో ప్రముఖుల వాహనముల కొఱకు త్రోవ వేయుటకై యంత్రములు రాగా నగరవాసులు చేయి చేయి కలిపి గోడవలె నిలిచి వానిని ఆపిరి. 1996లో నేక్ చంద్ విదేశములకు ఉపన్యాసముల కొఱకు పోయియున్న సమయమున కొందఱు దుండగులు మూర్తులను పగులగొట్టిరి. ప్రభుత్వసాహాయ్యమును సన్నగిలినది. మరుసటి యేట ఇంగ్లండున ఆతని పేర ఒక సంస్థ యేర్పడి, స్వచ్ఛంద సేవకులను పంపి మరమ్మతులకు తోడ్పడసాగెను. పగిలిన దానితో చేసినది పగిలినప్పుడు మరల పొదుగుట సుకరమని తోచును గాని, అది నిజము గాదు. సిమెంటు లోపలి ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బి, పైపూతను నెట్టివేయును. రోడియా శిఖరములకును ఇదే వ్యాధి. చిరకాలము నిలుచునను నమ్మకముతో కట్టిన కాంక్రీటు ఇంత త్వరగా రోగగ్రస్తమగునని 1950 దశకమున తలంచినవారు తక్కువ.

నేక్ చంద్ 2015 జూన్ 12వ తేదీన చండీగఢ్‌లో మరణించెను. మరుసటి సంవత్సరమున ప్రక్కనే యున్న లె కొర్బూజియె ప్రభుత్వభవన సముదాయము యునెస్కో వారి ప్రపంచవారసత్వపు పట్టికలో చేరినది. శిలోద్యానము అందు చేరలేదు. 2025 సంవత్సరపు తొలినెలలలో, ఆ సముదాయమునందలి హైకోర్టునకు పోవు త్రోవను వెడల్పు చేయుటకును, వాహనములు నిలుపు స్థలము కల్పించుటకును, శిలోద్యానపు వెలిగోడలో కొంతమేర యంత్రములతో కూల్చబడినది. ప్రక్కనున్న చెట్లును పోయినవి. నగరవాసులు మరల ఆ గోడ చెంతకు వచ్చి నిలిచిరి. ఈసారి యంత్రములు ఆగలేదు.